షాఫ్టు సారు

పోయిన వారం పేపర్లో ఆయన ఫోటో చూశాను. శ్రద్ధాంజలి ప్రకటన. కోటు వేసుకుని ఉన్నారు. నేను ఎరిగిన రోజుల్లో ఆయన ఒంటి మీద కోటు చూసిన గుర్తు లేదు. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, జేబులో పొట్టి పెన్సిలు, అంతే. ఫోటో కింద 'ఆదర్శ ఆచార్యులు' అని వేశారు. పేరుకు ముందు 'డాక్టర్' అని ఉంది. ఆ మాట దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. మిగతా ప్రకటన చాలాసేపటి దాకా చదవలేదు.

తిరుపతిలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. షాఫ్టు సారు అంటేనే రిక్షావాడికి కూడా ఇల్లు తెలిసేది. ఇక్కడ నేనూ పేరు రాయడం లేదు.

డెబ్బైల చివర్లో ఒక దినపత్రికకు విలేకరిగా నేను తిరుపతికి వచ్చాను. ఆయన ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ లెక్చరరు. గాంధీరోడ్డులోని ఒక టీ అంగట్లో పరిచయం అయింది. పరిచయం నాతో కాదు, నా నెత్తిమీద తిరుగుతున్న ఫ్యానుతో. నా ఎదురుగా కూర్చుని, నన్ను దాటి పైకి చూస్తూ, "మూడో రెక్క వంగింటే ఎవరో సరిజేసినారు" అన్నాడు. అంగడాయన కౌంటరు దగ్గర్నించే, "సార్, మీరు టీ తాగండి, మా ఫ్యాన్ను వదిలిపెట్టండి. పోయినసారి మీరు చూసినాక రెండు దినాలకు నిలిచిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నేను చూసినందుకు నిలిచిందా, నిలవబోతుందని చూసినానా?" అని అడిగాడు. నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగాడు.

తిరిగే వస్తువు ఏది కనబడినా ఆయన ముందు చెప్పులు విడిచేవాడు. పిండిమిల్లులో, చెరకు రసం బండి దగ్గర, బస్సులో. వట్టికాలు నేలకు ఆనించి కళ్ళు సగం మూసేవాడు. "చెవికి తెలిసేలోపల కాలికి తెలుస్తాది" అనేవాడు. పిండిమిల్లులో ఆడవాళ్ళు ఈయన ఏదో మొక్కుకుంటున్నాడనుకుని పక్కకు తప్పుకొనేవాళ్ళు.

ఇంకో అలవాటు, ఎవరు దేన్ని మెచ్చుకున్నా 'ఎంతవరకు?' అని అడగడం. ఈ కొత్త వంతెన గట్టిదంట సార్ అంటే, ఎంత బరువు వరకు? మా అల్లుడు నెమ్మదస్తుడు అంటే, ఎంతవరకు? ఒకసారి మా ఇంట్లో మా ఆవిడ పులుసు పెట్టి బాగుందా అని అడిగితే, నాకు భయం వేసి నేనే అడ్డం పడ్డాను.

ఆయన పని ఏమిటో నాకు అర్థమైంది చిత్తూరు బస్సులో. నేను కోర్టు వార్తల కోసం వారానికి రెండుసార్లు చిత్తూరు పోయేవాణ్ణి. ఆయన అక్కడ ఒక లేతు షాపులో బేరింగులు కూర్చోబెట్టే గూళ్ళు చేయించుకోవడానికి వచ్చేవాడు. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. చంద్రగిరి దాటాక చెప్పులు విడిచాడు.

"ఇప్పుడు సూడు. ఇంకాస్త వేగం పోతే నేల వణుకుతాది."

వణికింది. డ్రైవరు ఆ వేగంలోనే పోతూ ఉంటే ఈయన లేచి ముందుకు పోయి, "ఈడ నిలబెట్టొద్దప్పా, తగ్గన్నా తగ్గించు, దాటన్నా దాటు" అన్నాడు. డ్రైవరు వెనక్కి కూడా చూడకుండా, "నువ్వు తోల్తావా సార్? రా, నేను నీ సీట్లో పండుకుంటా" అన్నాడు. కానీ ఒక్క నిమిషానికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. వణుకు పోయింది.

వచ్చి కూర్చుని చెప్పాడు. బస్సు అడుగున ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే ఇరుసే షాఫ్టు. అలాంటి ప్రతి షాఫ్టుకూ ఒక వేగం ఉంటుంది. ఆ వేగంలో అది విల్లులాగా వంగి ఊగుతుంది. ఇనుపదైతే ఆ వేగాన్ని గబుక్కున దాటిస్తే మళ్ళీ కుదురుకుంటుంది. ఆయన చేస్తున్నది ఇనుప షాఫ్టు కాదు. గాజుపోగులను జిగురులో ముంచి, నున్నటి ఇనుప కడ్డీ మీద పొరలు పొరలుగా చుట్టి, ఆరినాక కడ్డీని లాగేస్తే మిగిలే గొట్టం. ఇనుముతో పోలిస్తే బరువు చాలా తక్కువ. లోతు బావుల్లోకి దించే పంపులకు పొడుగాటి షాఫ్టు కావాలి. ఇనుముదైతే దించడానికి పదిమంది కావాలి. ఇదైతే ఇద్దరు చాలని ఆయన ఆశ.

"మరి చిక్కేముంది సార్?"

"ఇనుము ఒకటే ముక్క. దీంట్లో పొరకూ పొరకూ నడాన జిగురుండాది. ఊగినప్పుడు ఆ జిగురు కొంచెం ఊపును మింగుతాది. మెల్లిగా తిరిగేటప్పుడు అది మంచిదే, షాఫ్టును ఊరుకోబెడతాది. ఆ వేగం దాటినాక అదే జిగురు ఎదురు తిరుగుతాది. మోటారు దగ్గర బలం తీసుకొని ఊపుకు పెడతాది. బయటినించి ఎవరన్నా పట్టుకోకపోతే పెరుగుతానే పోతాది."

"అంటే లోపలిదే శత్రువా?"

"శత్రువు గాదబ్బా. అది అప్పుడూ ఇప్పుడూ చేసే పని ఒకటే. వేగం మారింది, అంతే."

ఎంత వేగానికి ఎదురు తిరుగుతుందో ముందే చెప్పగలిగే లెక్క. అదే ఆయన పదేళ్ళ పని. పొరలెన్ని, ఏ వాలులో చుట్టారు, జిగురు ఎంత మింగుతుంది, ఇవన్నీ వేస్తే చివర ఒక అంకె రావాలి. ఆ లెక్కలన్నీ మా ఆఫీసు టెలిప్రింటరు కాగితాల వెనకవైపు వేసేవాడు. వాడేసిన కాగితం చుట్టలు నేనే కట్టకట్టి ఇచ్చేవాణ్ణి. ఒకవైపు ఢిల్లీ వార్తలు, ఇంకోవైపు సారు సమీకరణాలు. చేత్తో తేలని లెక్కల్ని అట్టకార్డుల మీద రంధ్రాలు కొట్టించుకొని, గుడ్డసంచిలో వేసుకొని మద్రాసుకు పోయేవాడు. అక్కడ కంప్యూటరుకు ఆ కార్డులు వరస తప్పకుండా పెట్టాలి.

అలా పోతూ ఒకసారి పుత్తూరులో టీకి దిగాడు. బస్సు కదిలింది. సంచితో పరిగెత్తి పడ్డాడు. కార్డులన్నీ బస్టాండు నిండా చెల్లాచెదురైనాయి. ముంజేయి విరిగింది. విరిగిన చేతిని వేలాడేసుకొని, రెండో చేత్తో కార్డులు ఏరుతూ, సాయానికి వచ్చినవాళ్ళను "వరస, వరస! తొక్కొద్దండప్పా!" అని కేకలు వేశాడట. చివరికి కండక్టరే ఆయన్ని పట్టుకొని, దగ్గర్లోని ఒక పల్లెలో ఎముకలు కట్టే ఇంటికి తీసుకుపోయాడు. పెద్ద పేరున్న ఇల్లు కాదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చే చిన్న ఇల్లు. ఆ రోజు కట్టు కట్టింది మునిరత్నం, నలభై ఏళ్ళ మనిషి.

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు. రెండూ ఒకటే. మునిరత్నం చెయ్యి సరిచేసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డపట్టీ ఒక వరస ఇటు వాలుగా, ఇంకో వరస అటు వాలుగా చుట్టి ముడి వేశాడు. సారు చూసి, "విప్పప్పా" అన్నాడు.

"ఏం సార్, బిగువైందా?"

"లేదు. మళ్ళీ కట్టు. రెండో వరస ఎట్ల తిప్పినావో నాకు కనపళ్ళేదు."

"సార్, నువ్వు ఎముక కట్టించుకునేదానికి వచ్చినావా, సినిమా చూసేదానికి వచ్చినావా?"

మళ్ళీ కట్టించుకున్నాడు. పట్టీ రెండోసారి కూడా అదే వాలులో, అదే చోట దాటింది. ముడత పడలేదు. ఆరు వారాలకు కట్టు విప్పించుకోవడానికి పోయినప్పుడు సారు జేబులో పట్టీ వాలు కొలవడానికి కోణమానిని ఉంది. అప్పుడే మునిరత్నాన్ని అడిగాడు, మా కాలేజీకి వస్తావా అని.

కాలేజీలో చుట్టే యంత్రం లేదు. పాత కుట్టుమిషను తొక్కుడు పీటను కడ్డీకి బిగించారు. మునిరత్నం కాలితో కడ్డీని తిప్పుతూ, చేత్తో గాజుపోగును వదిలేవాడు. కళ్ళు పోగు మీద కాకుండా ఎక్కడో గోడ మీద ఉండేవి. సారు పక్కన నిలబడి కొలిచేవాడు. తేడా రాలేదని ప్రతిసారీ పొంగిపోయేవాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాడితోనూ, "నా లెక్క నిజమని చెప్పాల్సింది ఈ చేతులే" అనేవాడు. నా ఎదుటే మునిరత్నంతో, "నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది" అన్నాడు. మునిరత్నం ఇంటి దగ్గరి కట్ల పని తమ్ముడికి అప్పజెప్పి, రోజూ పొద్దున పుత్తూరు బస్సులో వచ్చేవాడు. ఆదివారం మాత్రం ఇంటి దగ్గర కట్లు కట్టేవాడు. నాలుగేళ్ళు అలా గడిచాయి. అతని ఫైలు కదిలింది. సంతకానికి వచ్చింది అన్నారు.

ఆ సమయంలోనే ఢిల్లీ నుంచి ఒక కమిటీ వచ్చింది. షాఫ్టు తిరగడం చూసి, పని ముందుకు సాగనివ్వాలా వద్దా తేలుస్తారు. నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుందని కాలేజీవాళ్ళు ఎప్పుడో రాసి పంపి ఉన్నారు. ఆ రోజు నేను లేను. చిత్తూరు కోర్టులో ఒక తీర్పు ఉంది. సాయంకాలం బస్సు దిగేసరికి ఊరంతా తెలిసిపోయింది. షాఫ్టు విరిగి, ఒక ముక్క రేకుల కప్పును చీల్చుకొని పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కమిటీ మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయింది. ప్రిన్సిపాలు అప్పటికే విచారణ వేశాడు.

సారు టీ అంగట్లోనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

"ఏమైంది సార్?"

"చుట్టడంలో తేడా వచ్చింది."

"మునిరత్నం చుట్టడంలోనా?"

"మనిషి గదప్పా. ఒక పొరలో చెయ్యి జారింటాది." టీ గ్లాసు పక్కకు నెట్టి, "రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. ఆయన మాటను నేను ఎప్పుడూ రెండోసారి అడిగి చూసుకోలేదు. లెక్క తప్పితే తానే నలుగురికీ చెప్పే మనిషి. ఆ రాత్రి పంపిన వార్తలో, షాఫ్టును చుట్టినది పుత్తూరు ప్రాంతంలో ఎముకలు కట్టే కుటుంబానికి చెందిన వ్యక్తి అని, అతని నైపుణ్య లోపమే కారణమని తెలిసిందని రాశాను. ఎముకలు కట్టే కుటుంబం అన్న వివరం ఎవరూ అడగలేదు. వార్తకు కాస్త రంగు వస్తుందని నేనే చేర్చాను.

వారానికి మునిరత్నం మా ఆఫీసుకు వచ్చాడు. పనిలోంచి తీసేశారు. ఫైలు సంతకం కాకుండానే వెనక్కి పోయింది. జేబులోంచి వార్త ముక్క తీసి బల్లమీద పెట్టాడు.

"సామీ, ఇది నువ్వు రాసిందేనా?"

"అవును. సారు చెప్పినట్టే రాశాను."

"సారు చెప్పినాడా?"

అప్పటిదాకా అతనికి తెలియదు. ప్రిన్సిపాలో, ఇంకెవరో అన్నారనుకున్నాడు. నా నోటితో నేనే తెలియజేశాను. వార్త ముక్కను మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"స్విచ్చి కాడ నిలబడింది సారే సామీ. తిప్పేముందు సెప్పులు విడిసినాడు. నేను సూస్తానే ఉండా. నడాన ఒక తావున ఆయన మొగం మారింది. కాళ్ళకు తెలిసింది. కమిటీ ఆయప్ప 'ఇంకా, ఇంకా' అన్నాడు. తెలిసే తిప్పినాడు."

నేను నమ్మలేదు. పని పోయినవాడు ఎవరో ఒకర్ని అంటాడులే అనుకున్నాను. సారుతో ఈ మాట ఎత్తనుకూడా లేదు. టీ అంగట్లో ఎప్పటిలాగే కూర్చున్నాం. ఎప్పటిలాగే కాగితం చుట్టలు ఇచ్చాను.

రెండేళ్ళ తర్వాత ఆయనకు డాక్టరేటు వచ్చింది. నల్లటి అట్టతో కుట్టిన థీసిస్ ఒకటి సంతకం పెట్టి నాకు ఇచ్చాడు. "నీ కాగితాల మీద పుట్టిందేనప్పా ఇది" అన్నాడు. వార్త ఆ రోజే పంపాను. ఫోటోతో వచ్చింది. పుస్తకం మాత్రం పది రోజులకు గానీ తెరవలేదు. సమీకరణాలు నాకు అందవు. మాటలున్న పేజీలు వెతుక్కుంటూ పోయాను. కృతజ్ఞతల్లో ప్రిన్సిపాలు ఉన్నాడు, మద్రాసు కంప్యూటరువాళ్ళు ఉన్నారు, కాగితాలిచ్చిన పత్రికామిత్రుడిగా నేనూ ఉన్నాను. మునిరత్నం లేడు.

ఆరో అధ్యాయంలో ఆ షాఫ్టు ఉంది. తేదీతో సహా, కమిటీ వచ్చిన రోజు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇంతే: 'విరిగిన ముక్కలను పరీక్షించాం. పొరలన్నీ సమంగా ఉన్నాయి. చుట్టడంలో ఏ లోపమూ లేదు. లెక్క ముందే చెప్పిన హద్దు, రెండువేల నాలుగువందల చుట్లు, దాటగానే షాఫ్టు అదుపు తప్పింది. లెక్క సరైనదని దీంతో రుజువైంది.'

నాలుగుసార్లు చదివాను. తర్వాత పుస్తకం చంకలో పెట్టుకొని ఆయన ఇంటికి పోయాను. ఆదివారం పొద్దున. వరండాలో చొక్కా లేకుండా పేపరు చదువుతున్నాడు.

"సార్, ఇది ఆ రోజు విరిగిన షాఫ్టేనా?"

"అదే. ఇంగొకటి యాడుంది?"

"చుట్టడంలో తేడా అన్నారు కదా."

ఆయన తడబడలేదు. పేపరు మడిచాడు. "అది ఎంక్వైరీకి చెప్పింది. ఇది థీసిస్."

"రెండింటి కిందా మీ సంతకమే సార్."

"ఎంక్వైరీకి ఒక మనిషి కావాలబ్బా. ఎవురో ఒకరు. థీసిస్‌కు లెక్క కావాల. తప్పుడు లెక్క రాస్తే నాకు నిద్ర పట్టదు."

ఆ మాట ఆయన దాచుకోకుండా, ఒక మంచి సంగతి చెప్పినట్టు చెప్పాడు. అన్నేళ్ళ స్నేహంలో నేను ఆయన్ని చూసి భయపడింది అప్పుడే.

"హద్దు ముందే తెలుసు కదా. ఎందుకు తిప్పారు?"

"బేరింగుల కింద రబ్బరు పెట్టినా. అది ఊపును పట్టుకుంటాదనుకున్న. వాళ్ళేమో మూడువేలు చూపించమంటారు. ఆ పొద్దు నేను ఆపింటే నా పదేళ్ళు ఆడనే ఆగిపోయేవి."

"మునిరత్నం?"

"వానికి ఇంటి విద్య ఉండాది. యాడన్నా బతుకుతాడు. నా చేతిలో ఇది తప్ప ఏముండాది?"

"ఒక్క ఉత్తరం రాసివ్వండి సార్. చుట్టడంలో లోపం లేదని. పేపర్లో సవరణ వేయిస్తాను. దాన్ని చూపించి అతను మళ్ళీ అర్జీ పెట్టుకుంటాడు."

లోపల్నించి ఆయన భార్య రెండు గ్లాసుల కాఫీ తెచ్చి పెట్టి పోయింది. జేబు కోసం ఆయన చెయ్యి రొమ్ము మీదికి పోయింది. చొక్కా లేదు, పెన్సిలు లేదు. చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. ఒక్క క్షణం, లోపలికి వెళ్ళి తెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"రాయలేనప్పా" అన్నాడు. "కాఫీ తాగు."

తాగలేదు. ఆయన అబద్ధం చెప్పడం కంటే, ఆ అబద్ధాన్ని నా చేత్తో ఊరూరా పంచిపెట్టించడం నన్ను ఎక్కువ మండించింది. టీ అంగట్లో 'రాసుకో' అన్నప్పటి ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు.

థీసిస్‌లో ఉన్నదాన్నే ఆధారంగా పెట్టి సవరణ రాసి పంపాను. డెస్కులో ఆపేశారు. "రెండేళ్ళనాటి షాఫ్టు ఇప్పుడు ఎవరికప్పా?" అని ఫోనులో నవ్వారు. సారు ఉత్తరం ఉంటే చూద్దామన్నారు. రెండుసార్లు మళ్ళీ పంపాను. రాలేదు.

చివరికి పుస్తకమే తీసుకొని పుత్తూరు బస్సెక్కాను. మునిరత్నం ఇంటి దగ్గర లేడు. తమ్ముడు ఒక ముసలాయన మోకాలికి కట్టు కడుతూ, "అన్న మగ్గాల షెడ్డు కాడ ఉంటాడు" అన్నాడు. మధ్యాహ్నం పూట. షెడ్డు బయట నీడలో కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఇంటికాడ కట్లు కట్టడం లేదా?" అని అడిగాను.

"వచ్చినోళ్ళు తమ్మునిచేతే కట్టమంటారు సామీ. అన్న సెయ్యి వద్దంటారు. ఒకరిద్దరు మొగం మీదనే అన్నారు. నేనే మానేసినా."

వచ్చిన పని చెప్పాను. పుస్తకం తెరిచి, ముందు ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివాను. చేతులు కట్టుకొని విన్నాడు. తర్వాత తెలుగులో చెప్పాను. పొరలన్నీ సమంగా ఉన్నాయి. చుట్టడంలో ఏ లోపమూ లేదు.

"ఇంగోసారి చెప్పు సామీ."

చెప్పాను. అరచేతులు పంచెకు తుడుచుకొని, పుస్తకం అందుకున్నాడు. నేను వేలు పెట్టి చూపించిన వరస మీద తన వేలు పెట్టాడు. అటునుంచి ఇటు చివరిదాకా మెల్లగా జరిపాడు.

"సారే రాసినాడా?"

"సారే."

"ఇట్లాంటి పుస్తకాలు ఎన్నుంటాయి?"

"నాలుగైదు ఉంటాయి. కాలేజీ లైబ్రరీలో ఒకటి."

"అంతా ఇంగిలీషేనా?"

"అంతా ఇంగ్లీషే."

పుస్తకం మూసి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. కోపం లేదు. కూర్చుని కండె తీసుకున్నాడు. నూలు కొస వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు రాసింది బస్టాండు అంగట్లో పెద్దగా చదివినారు సామీ. సదువు రానోళ్ళు గూడా నిలబడి విన్నారు. అది తెలుగులో ఉండె."